కన్ను మూసినా కనబడేది, చెవి మూసినా వినబడేది



ఈ నెల ఒక చిన్న పనితో మొదలు పెడదాం. పత్రికను ఒక్క నిమిషం ఒడిలో పెట్టుకొని కళ్లు మూసుకోండి. పండిన నిమ్మకాయను కత్తితో కోసి, ఒక చెక్కను నాలుక మీద పిండినట్టు తలంచండి. తరువాత మీ మందిరపు గంట మోగినట్టు, తొలకరి వానకు తడిసిన నేల వాసన వచ్చినట్టు, మార్గశిర మాసపు తెల్లవారుజామున బావి నీళ్లు వీపు మీద గుమ్మరించినట్టు తలంచండి. వీటిలో ఏదీ మీ ఎదుట లేదు. అయినా కొందరికి నోట నీరు ఊరి ఉంటుంది, కొందరికి ఒళ్లు జలదరించి ఉంటుంది. కొందరికి గంట వినబడి ఉంటుంది గాని నిమ్మకాయ కనబడి ఉండదు. మరికొందరికి ఏమీ కనబడకుండా, ఏమీ వినబడకుండా వట్టి చీకటే మిగిలి ఉంటుంది. ఆ చివరి రకం వారు దిగులుపడవద్దు. ఈ నెల మాటలు ముఖ్యంగా వారి కోసమే.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నామంటే, సేవలో ఇళ్లకు వెళ్లినప్పుడు మాకు తరచు ఎదురయ్యే ప్రశ్నలు మూడు ఉన్నాయి. ఒక యౌవనస్థుడు, "అయ్యగారూ, సిలువ ధ్యానాల్లో కళ్లు మూసుకొని ప్రభువును చూడమంటారు. నాకు ఏమీ కనబడదు. మా అమ్మ పోయి రెండేళ్లయింది, ఆమె ముఖం కూడా కనబడదు. నా మనసు రాయి అయిపోయిందా?" అని అడుగుతాడు. ఒక విధవరాలు చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, "రాత్రిళ్లు ఆయన దగ్గిన చప్పుడు వినబడుతోందండీ. ఎవరితోనైనా చెబితే పిచ్చిదంటారు" అంటుంది. ఇంకొక ఇంటిలో, "మా నాయనమ్మకు గోడవార ఎవరో మనుషులు నిలబడినట్టు కనబడుతున్నారంట. గాలి సోకిందంటున్నారు. మీరు వచ్చి ప్రార్థన చేయాలి" అని కబురు పెడతారు. ఈ మూడింటికీ జవాబు కొంతవరకు ఒకే చోట దొరుకుతుంది. అది దేవుడు మన తలలో పెట్టిన మెదడు అనే అద్భుతమైన అవయవం.

మెదడు ఎలా చూస్తుంది?

చూసేది కన్ను అనుకుంటాము గాని, కన్ను వాకిలి మాత్రమే. వెలుగు కంటిలో పడగానే ఆ సమాచారం నరాల గుండా తల వెనుక భాగానికి, అంటే మెడ పైన తలగడకు ఆనుకునే చోటికి చేరుతుంది. అక్కడ గీతలు, రంగులు, కదలికలు వేరువేరుగా గుర్తింపబడి, ముందుకు సాగుతూ "ఇది ఆవు", "ఇది అత్తయ్య" అని అర్థమవుతుంది. ఇది కాలువ నీరు తూము నుండి పొలానికి పారినట్టు.

ఊహలో ఆ నీరు ఎదురు దిశలో పారుతుంది. "ఆవు" అనే తలంపు, దాని జ్ఞాపకం ముందు పుడతాయి. అక్కడి నుండి ఆదేశం వెనుకకు ప్రయాణించి, చూపుకు సంబంధించిన భాగాల్లో కొన్నింటిని కదిలిస్తుంది. కాబట్టి ఊహను ఎత్తిపోతల పథకంతో పోల్చవచ్చు. పల్లం నుండి మెట్టకు నీరు ఎక్కించాలంటే శ్రమ ఎక్కువ, వచ్చే ధార సన్నము. మనసులోని బొమ్మ అసలు దానికంటె మసకగా ఉండటానికీ, కొద్దిసేపటికే చెదరిపోవటానికీ ఇదే కారణమంటారు.

అయినా ఆ బొమ్మ వట్టి మాట కాదు. నార్వే దేశంలోని ఓస్లో విశ్వవిద్యాలయము వారు 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఎండను ఊహించుకొన్నవారి కంటిపాపలు నిజంగా చిన్నవైనాయి. చీకటి గదిని ఊహించుకొన్నప్పుడు పెద్దవైనాయి. ఎదుట వెలుగు మాత్రం మారలేదు.

ఇటలీలోని మిలాను పట్టణంలో బిసియాక్, లుజాట్టి అనే ఇద్దరు పరిశోధకులు 1978లో మరొక వింత వెల్లడి చేశారు. మెదడు కుడి భాగం దెబ్బతిని, ఎడమ పక్కనున్న వాటిని గమనించలేని ఇద్దరు రోగులను, తమకు బాగా తెలిసిన పెద్ద ఆలయపు చౌకును మనసులో చూసి చెప్పమన్నారు. ఆలయానికి ఎదురుగా నిలబడినట్టు ఊహించినప్పుడు వారు కుడి పక్క భవనాలనే చెప్పారు. ఆలయం గుమ్మంలో నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించమంటే, ఇంతకుముందు విడిచిపెట్టిన భవనాలను చెప్పి, మొదట చెప్పిన వాటిని విడిచిపెట్టారు. జ్ఞాపకము చెరిగిపోలేదు, మనోనేత్రానికి ఎడమ పక్క అందలేదు, అంతే. పక్షవాతం వచ్చిన పెద్దవారు కంచంలో ఒక పక్క అన్నం వదిలేస్తే "మొండితనం" అని కసరుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

చెవి, ముక్కు, నాలుక, చర్మం

ఊహ కంటికి మాత్రమే చెందినది కాదు. కూటంలో అందరూ ఎరిగిన కీర్తన పాడుతుండగా కరెంటు పోయి మైకు ఆగిపోతే, తరువాతి చరణం మీ తలలో సాగిపోవటం మీరు ఎరుగుదురు. అమెరికాలో 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, తెలిసిన పాటల మధ్య మధ్య కొన్ని క్షణాలు నిశ్శబ్దం ఉంచి వినిపించారు. ఆ నిశ్శబ్దంలో కూడా వినికిడికి సంబంధించిన మెదడు భాగాలు పని చేస్తూనే ఉన్నాయి. తెలియని పాటలకు అంతగా పని చేయలేదు. పిల్లలకు చిన్ననాడే కీర్తనలు, వాక్యములు కంఠతా పట్టించాలని మన పెద్దలు పట్టుబట్టడంలో ఎంత జ్ఞానమున్నదో చూడండి. లోపల చేరినది, బయట శబ్దం ఆగిన తరువాత కూడా పాడుతుంది.

వాసన సంగతి మరీ విచిత్రం. ఒక వాసనను ఊహించుకొమ్మంటే మనుష్యులు తమకు తెలియకుండానే ముక్కుతో గాలి పీలుస్తారని 2003లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మంచి వాసన అయితే ఎక్కువగా, చెడు వాసన అయితే తక్కువగా పీలుస్తారట. వాసనను గ్రహించే భాగం, భయమూ ప్రేమా జ్ఞాపకమూ పుట్టే భాగాలకు అతి సమీపంగా ఉంటుంది. అందుకే అమ్మ పెట్టె తెరిచినప్పుడు పాత చీర మడతలోని వాసన ఒక్కటే మనలను చిన్నతనానికి లాక్కుపోతుంది. యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండుసార్లు వస్తుంది. పేతురు ప్రభువును ఎరుగనన్న రాత్రి ఒకటి, తిబెరియ సముద్రతీరాన ప్రభువు అతనిని తిరిగి పిలిచిన ఉదయం మరొకటి. రెండవ మంట దగ్గర పేతురు మనస్సులో ఏమి మెదిలిందో సువార్తికుడు చెప్పలేదు గాని, ఆ పొగ వాసనకు మొదటి రాత్రి గుర్తు రాకుండా ఉంటుందా అని మేము తలపోస్తుంటాము.

రుచికి నిదర్శనం సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో ఉన్నది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో మన్నా తింటూ, ఐగుప్తు చేపలను, కీరకాయలను, ఉల్లిపాయలను తలచుకొని ఏడ్చారు. ఎదుటనున్న ఆహారం నిజము, ఐగుప్తు కూర ఊహ. అయినా ఊహ నిజాన్ని చప్పగా చేసివేసింది. దాస్యపు కొరడాలు గుర్తు రాలేదు, వంటకాలు మాత్రమే గుర్తు వచ్చాయి.

ఇక స్పర్శ, కదలిక. 1992లో యూ, కోల్ అనేవారు ప్రచురించిన పరిశోధనలో, కొందరు నాలుగు వారాలపాటు చిటికెన వ్రేలి కండరానికి నిజమైన వ్యాయామం చేశారు. మరికొందరు వ్రేలు కదపకుండా ఆ వ్యాయామాన్ని మనసులో మాత్రమే చేశారు. మొదటివారి బలం సుమారు నూటికి 30 వంతులు పెరిగితే, ఊహించుకొన్నవారికి సుమారు 22 వంతులు పెరిగింది. కండ పెరగలేదు, కండను నడిపే మెదడు నేర్చుకొన్నది. అలాగే షుగరు వ్యాధివల్ల కాలు తీసివేయబడినవారు "లేని పాదం మంట పెడుతోంది" అంటే నవ్వవద్దు. శరీరములో పాదము లేకపోయినా మెదడులో దాని చోటు అలాగే ఉంటుంది. ఆ నొప్పి నాటకం కాదు, దానికి చికిత్స కూడా ఉన్నది. తమిళనాట పుట్టిన డాక్టరు వి.ఎస్. రామచంద్రన్ గారు 1990వ దశకంలో అద్దము పెట్టి, ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేయిగా చూపించి కొందరికి ఉపశమనం కలిగించారు.

అందరికీ ఒకేలా ఉండదు

1880లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ చాలామందిని ఒక చిన్న ప్రశ్న అడిగాడు: ఈ ఉదయం మీరు కూర్చున్న భోజనపు బల్లను మనసులో చూడండి, అది ఎంత స్పష్టంగా ఉన్నది? కొందరు రంగులతో సహా కనబడుతున్నదన్నారు. కాని గొప్ప చదువులు చదివిన శాస్త్రజ్ఞులు అనేకులు "మనసులో చూడటం" అనేది మాటవరసకు అనే మాట అనుకొన్నామని, తమకు అట్టిదేమీ లేదని జవాబిచ్చారు.

ఆ తరువాత చాలాకాలం ఈ సంగతిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2015లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు వైద్యుడు ఆడమ్ జేమన్, ఆయన తోటివారు మనసులో బొమ్మ కనబడని ఈ స్థితికి "అఫాంటేసియా" అని పేరు పెట్టారు. నూటికి ఒకరి నుండి నలుగురి వరకు ఇట్టివారు ఉంటారని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే రెండువందల మంది ఉన్న సంఘంలో ఇద్దరో, ఎనిమిదిమందో ఉండవచ్చు. ఇది జబ్బు కాదు, బుద్ధిమాంద్యం కాదు. వీరిలో చాలామందికి కలలు మామూలుగానే వస్తాయి. కార్టూన్ సినిమాలకు పేరు పొందిన పిక్సార్ సంస్థ స్థాపకులలో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ తనకు మనసులో బొమ్మలు కనబడవని స్వయంగా చెప్పుకొన్నాడు. బొమ్మల లోకాన్ని నడిపినవానికే మనసులో బొమ్మ లేదు! మరోపక్క, కొందరికి ఊహ దాదాపు చూపు అంత స్పష్టంగా ఉంటుంది.

పసితనములోనే చూపు పోయిన ఫానీ క్రాస్బీ అమ్మగారిని తలంచుకొనండి. ఆమె 1820లో పుట్టి 1915లో ప్రభువునందు నిద్రించెను. చిన్ననాడే నాలుగు సువార్తలు కంఠతా పట్టి, పాటలను మనసులోనే కూర్చుకొని ఇతరులచేత వ్రాయించి, 8000కు పైగా కీర్తనలు క్రైస్తవ లోకానికి ఇచ్చిరి. పసితనం నుండి చూపు లేనివారి ఊహ స్పర్శతో, శబ్దంతో, దూరం దగ్గరల ఎరుకతో కట్టబడుతుంది. దేవుడు ఒక్క వాకిలి గుండానే రాడు.

మూడు ప్రశ్నలకు జవాబు

మొదట ఆ యౌవనస్థునికి. తమ్ముడా, నీ మనసు రాయి కాలేదు. అమ్మ ముఖము బొమ్మగా కనబడకపోవచ్చు. కాని ఆమె చెప్పిన మాట నీకు తెలుసు, ఆమె పడిన కష్టం తెలుసు, ఆమె పేరు ఎవరైనా ఎత్తితే నీ గొంతు పట్టుకుంటుంది. అది ప్రేమ కాక మరేమిటి? ఆమె ఫోటో ఒకటి బైబిలులో పెట్టుకో, తప్పు లేదు. ప్రార్థనలో బొమ్మ కనబడకపోతే విశ్వాసం తక్కువని ఎవరు చెప్పారు? తోమాతో మాట్లాడిన దినమున ప్రభువు, కళ్లతో చూడనివారి విశ్వాసాన్ని తక్కువ చేయలేదు సరిగదా మెచ్చుకొన్నాడు. సిలువను నీవు బొమ్మగా కాక సత్యముగా ఎరుగుదువు. అది చాలు. తోటి సేవకులకు కూడా ఒక మనవి: శుభ శుక్రవారపు ధ్యానాల్లో "చూడండి" అన్నప్పుడు "లేదా ఆ మాటలను వినండి, ఆలోచించండి" అని కలుపుదాం. ఊహాశక్తిని ఆత్మీయతకు కొలబద్దగా పెట్టకూడదు.

ఇక మా సహోదరికి. అమ్మా, నీకు పిచ్చి పట్టలేదు. వేల్సు దేశంలో డ్యూయీ రీస్ అనే పల్లెటూరి వైద్యుడు భర్తనో భార్యనో కోల్పోయిన 293 మందిని కలిసి మాట్లాడి, 1971లో ఆ వివరాలు ప్రచురించాడు. దాదాపు సగం మంది, చనిపోయినవారు దగ్గర ఉన్నట్టు అనిపించిందనో, కనబడ్డారనో, వినబడ్డారనో చెప్పారు. వారిలో ఎక్కువమంది అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని భయం. అనేకులకు అది ఓదార్పుగానే ఉండెను. ముప్పయి ఏళ్లు ఒక దగ్గును విన్న చెవి, ఆ దగ్గు కోసం ఇంకా కాచుకొని ఉంటుంది. అది దయ్యమూ కాదు, ఆయన ఆత్మ తిరుగుతున్నదనీ కాదు. నీ ప్రేమకు మెదడులో మిగిలిన అడుగుజాడ. దాని కోసం తాయెత్తు అక్కరలేదు, సోదె అక్కరలేదు. ఎవరితోనైనా మాట్లాడు, ఏడవవలసి వస్తే ఏడువు.

నాయనమ్మ సంగతి. 1760లో జెనీవా పట్టణపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు షార్ల్ బోనే తన తాతగారిని గూర్చి వ్రాశాడు. శుక్లాలతో చూపు మందగించిన ఆ వృద్ధునికి మనుష్యులు, పక్షులు, కట్టడాలు కనబడేవి. మతి మాత్రం సరిగానే ఉండెను. అవి నిజము కావని ఆయనకు తెలుసు. కంటి నుండి వచ్చే సమాచారం తగ్గినప్పుడు, మెదడులోని చూపు భాగం ఖాళీగా కూర్చోలేక తనంతట తాను బొమ్మలు కల్పిస్తుంది. ఇప్పుడు ఈ స్థితిని ఆయన పేరుతోనే పిలుస్తారు. అట్టి ముసలమ్మను భూతవైద్యుని దగ్గరకు ఈడ్చుకుపోయి వేపమండలతో కొట్టించటం ఎంత పాపము! ఆమెను కంటి ఆసుపత్రికి తీసికొని పోవాలి. శుక్లాలైతే ఆపరేషనుతో చూపు తిరిగి రావచ్చు. ఆపరేషను లేని కంటి జబ్బయినా, "ఇది కంటి వల్లనే వస్తుంది నాయనమ్మా, నీకేమీ కాలేదు" అన్న ఒక్క మాటకే సగం భయము పోతుంది. ప్రార్థన తప్పక చేద్దాం, ఆసుపత్రికీ తీసుకువెళ్దాం. అపొస్తలుడైన పౌలుతో కూడ ప్రయాణము చేసిన లూకా వైద్యుడే గదా.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

అయితే కనబడేదంతా, వినబడేదంతా ఇలాంటిదే అని ఊరకుండకూడదు. తనను గాని ఇతరులను గాని హాని చేయమని స్వరాలు ఆజ్ఞాపిస్తుంటే, అవి నిజమని గట్టిగా నమ్ముతుంటే, నిద్రాహారాలు మానివేస్తే వెంటనే మానసిక వైద్యుని చూడాలి. జ్వరంతోనో, తలకు దెబ్బ తగిలిన తరువాతనో, తాగుడు హఠాత్తుగా మానినప్పుడో మాట తడబడి లేనివి కనబడుతుంటే అది ఆ పూటే ఆసుపత్రికి చేరవలసిన సంగతి. దారి తెలియకపోతే 2022లో ప్రారంభమైన ప్రభుత్వ ఉచిత సేవ టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రార్థించాము గనుక మాత్రలు మానివేయమని ఏ సేవకుడైనా చెబితే ఆ మాట వినవద్దు.

మరొక హెచ్చరిక. 1910లో అమెరికాలో పెర్కీ అనే పరిశోధకురాలు కొందరిని ఒక తెర వంక చూస్తూ అరటిపండును ఊహించుకొమ్మని, వారికి తెలియకుండా తెర వెనుక నుండి మసకగా అరటిపండు బొమ్మ వేయించెను. వారు దానిని తమ ఊహే అనుకొన్నారు. పండు నిలువుగా ఉన్నదేమిటని ఆశ్చర్యపడినవారు కూడా ఉన్నారు. ఊహకు, చూపుకు నడుమ గట్టు అంత సన్ననిది. బయటిది లోపలిదనిపిస్తే, లోపలిది బయటిదనిపించదా? యెహెజ్కేలు గ్రంథము 13వ అధ్యాయంలో, తమ మనసులో పుట్టినదానినే దర్శనమని ప్రజలకు చెప్పినవారిని దేవుడు గద్దించాడు. దేవుడు దర్శనము ఇవ్వలేడని మేము అనుట లేదు. కాని "నాకు కనబడింది, మీ పొలం అమ్మండి, ఈ సంబంధం వదలండి" అని ఎవరైనా అంటే, వాక్యముతోను సంఘ పెద్దలతోను పరీక్షించకుండా తల ఊపవద్దు.

ఊహకు మేత ఏమిటి?

పశువుకు ఏ మేత వేస్తే పాలలో ఆ వాసన వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఊహ కూడా అంతే. రాత్రి పడుకోబోయే ముందు ఫోనులో చూసిన నరుకుళ్లు, బూతులు పిల్లవాని మెదడులో బొమ్మలై నిలుస్తాయి. అప్పులవాడు వాకిట అరచినట్టు పదే పదే ఊహించుకొనే రైతుకు, అప్పులవాడు రాని దినమున కూడా గుండె దడ తప్పదు. ఫిలిప్పీ సంఘమునకు వ్రాస్తూ పౌలు 4వ అధ్యాయంలో, మనస్సులో దేనికి చోటివ్వాలో ఒక జాబితా ఇచ్చి మన ఊహకు మంచి మేత చూపించాడు. చెరసాలలో ఉండి వ్రాసిన మాట అది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక రాత్రి ఇలా చేయండి. గలిలయ సముద్రముపై తుపాను లేచిన సంగతి చదవండి. తరువాత ఒక్కొక్కరిని అడగండి: నీకు అల కనబడిందా, గాలి వినబడిందా, తడి తగిలిందా, లేక అర్థము మాత్రమే తెలిసిందా? తాతయ్య మొదలు చిన్నపిల్ల వరకు అందరి జవాబులు వినండి. ఒకే కప్పు కింద ఇన్నేళ్లు ఉండి కూడా ఒకరి లోపల ఏముందో ఒకరికి తెలియదని అప్పుడు గ్రహిస్తారు. ఏమీ కనబడలేదన్నవారిని ఎగతాళి చేయనివ్వకండి. ఆ పడవలో ఉన్నవారందరినీ ప్రభువు ఒడ్డుకు చేర్చాడు గదా.

మన కన్నులను, చెవులను, వాటి వెనుకనున్న మెదడును నిర్మించిన దేవుడు మిమ్మును మీ గృహములను దీవించి కాపాడును గాక. ఆమేన్.